ఒకే కంప్యూటరు - రెండు నిర్వహణ వ్యవస్థలు

ఒకే కంప్యూటరులో విండోసును, లైనక్సును రెంటిని నిలుపుకొనవచ్చును. అయితే మీట నొక్కగానే ఇవి తమంత తాము లేచి రావు. మొదట మేలుకొనునది మదరుబోర్డుపైనున్న చిన్న ప్రోగ్రాము. పాత పద్ధతిలో అది డిస్కు మొదటి 512 బైట్లను మాత్రమే చదివెడిది. అందు 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకు, 2 బైట్లు గుర్తుకు పోగా, మిగిలిన 446 బైట్లలోనే ప్రారంభపు ఆదేశములు ఇమడవలెను. ఇంత ఇరుకులో ఇద్దరికి తావేది? విండోసును రెండవదిగా స్థాపించినచో అది పూర్వపు ఆదేశములను చెరిపి తనవి వ్రాసికొనెడిది. లైనక్సు డిస్కులో చెక్కుచెదరక యున్నను దానిని పిలుచు దారి మూసికొనిపోయెడిది. కనుకనే విండోసు ముందు, లైనక్సు తరువాత అను నియమ మేర్పడినది. లైనక్సుతో వచ్చు గ్రబ్ అను ప్రోగ్రాము రెంటి పేర్లును చూపి, ఏది కావలెనని అడుగును.

నేటి యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో ప్రత్యేక విభాగమొకటి యుండి, ప్రతి వ్యవస్థకును అందు తన ప్రారంభపు ఫైలు ఉండును. అయినను విభాగముల హద్దులు మార్చునప్పుడు పొరపాటు జరిగినచో ఏండ్ల తరబడి కూర్చుకొన్న పాఠములు, ఫోటోలు క్షణములో పోగలవు. ముందుగా వేరొక డిస్కులోనికి నకలు తీయనిదే ఈ పనికి పూనుకొనరాదు.

ఇంకొక వింత గలదు. లైనక్సు వాడి విండోసుకు మరలినప్పుడు మన దేశములో గడియారము సరిగా 5 గంటల 30 నిమిషములు వెనుకబడి కనుపించవచ్చును. యంత్రములోని కాలమును లైనక్సు సాధారణముగా ప్రపంచ ప్రమాణ కాలముగాను, విండోసు స్థానిక కాలముగాను ఎంచుటయే దీనికి కారణము.