వెనక బెంచీ కెమెరా

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో టేకులపల్లిలో ఆటోలు దిగేవాళ్ల చేతుల్లో ట్రంకు పెట్టె, బకెట్టు, దుప్పటి కనిపిస్తాయి. కోయ గూడేల నుంచి, లంబాడీ తండాల నుంచి పిల్లల్ని హాస్టళ్లలో దింపడానికి వచ్చినవాళ్లు. వెళ్తూ వెళ్తూ "మంచిగ చూసుకోండి సారూ, మాట వినకపోతే భయం పెట్టండి" అంటారు. ఆ మాటలో నమ్మకం ఎంతుందో నిస్సహాయతా అంతే ఉంది. మళ్లీ పండగదాకా పిల్లను చూడరు. ఈలోపు తరగతి గదిలో ఏం జరిగినా వాళ్లకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు ఒక దారి పుట్టింది. బెంచీ కింద, పుస్తకం చాటున, వణికే చేతులతో తీసిన ఫోన్ వీడియో. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో, పొద్దున్నకి టీవీలో, మధ్యాహ్నానికి సస్పెన్షన్. ఇలా దొంగచాటుగా తీయడం న్యాయమేనా? తీసిన పిల్లల్ని నేను తప్పు పట్టలేను. దాన్ని ఊరూరా పంచిన పెద్దల్ని మాత్రం పడతాను.

కోదండం, గోడకుర్చీ, తొడపాశం... ఈ మాటలన్నీ మన వీధిబడులు మనకిచ్చినవే. బెత్తం లేనిదే చదువు రాదని తరాలుగా నమ్మాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే బడుల్లో దండనను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని కొట్టడాన్నీ మనసును హింసించడాన్నీ కలిపి వద్దంది. అయినా పిల్ల ఇంటికొచ్చి "సారు కొట్టిండు" అంటే మనం అడిగే మొదటి ప్రశ్న "నువ్వేం చేసినవ్?" అనే. పెద్దవాళ్ల మాట ముందు తన మాట నిలవదని తెలిసిన పిల్లకు ఆ ఫోనొక్కటే సాక్షి.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు ఏడేళ్ల ముస్లిం బాలుణ్ని నిలబెట్టి, తోటి పిల్లలతో వరసగా చెంపదెబ్బలు కొట్టించింది. బాలుడి బంధువు తీసిన వీడియో లేకపోతే అది ఆ నాలుగు గోడలు దాటేది కాదు. సుప్రీంకోర్టు కల్పించుకుని, సీనియర్ ఐపీఎస్ అధికారి పర్యవేక్షణలో దర్యాప్తు జరపాలంది. ఆ బాలుడికీ, చేయెత్తిన పిల్లలకూ కౌన్సెలింగ్ ఇప్పించమంది. కొట్టిన పిల్లలకు కూడా! న్యాయస్థానం ఆ గదిలోని ప్రతి పసివాణ్నీ చూసింది. దేశం మాత్రం ఏడుస్తున్న ముఖాన్ని ఫోన్లలో మళ్లీ మళ్లీ తిప్పి చూసింది.

నేరానికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. మీరితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దెబ్బ వాపు వారంలో తగ్గుతుంది. వీడియో తగ్గదు. ముఖం మసకబార్చినా తండాలో యూనిఫాం, గొంతు, నడక చాలు, ఎవరి పిల్లో తెలియడానికి. పదో తరగతికి వచ్చాక కూడా ఆ పిల్ల "వీడియోలో ఉన్నమ్మాయే".

పంతులి వైపూ చూడాలి. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట జడ్పీ హైస్కూల్లో ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. కొట్టలేం, తిట్టలేం, చదువులేమో వెనకబడుతున్నాయన్నది ఆయన గోడు. అదీ వీడియోగానే లోకమంతా తిరిగింది. మంత్రి లోకేశ్ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ దృశ్యం బాధ కలిగించింది. ఏజెన్సీలో ఒకే పంతులు ఐదు తరగతులు నడిపే బడులున్నాయి. అక్కడ గొంతు పెంచిన అర నిమిషాన్ని కోసి చూపిస్తే, ఆ ముందు నడిచిన అరగంట ఎవరికీ కనబడదు. కోప్పడటం వేరు, కొట్టడం వేరు. చూసేవాడికి ఆ తేడా తెలియాలంటే వీడియో మొత్తం చూడాలి, ఇద్దరి మాటా వినాలి. ఆ పని చేయాల్సింది విచారణాధికారి, వాట్సాప్ గ్రూపు కాదు.

అందుకే ఆ వీడియో చేరాల్సిన చోట్లు వేరు: అమ్మానాన్నలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098, జిల్లా బాలల సంరక్షణ విభాగం. కానీ చేర్చే పిల్లను ఎవరు కాపాడతారు? 2015లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, క్లాసులో ఒక విద్యార్థినిని పోలీసు కుర్చీతో సహా పడదోసి ఈడ్చుకెళ్తుంటే, వీడియో తీస్తూ అడ్డుచెప్పిన తోటి అమ్మాయినీ అరెస్టు చేశారు. మన హాస్టళ్లలోనైతే మొదట వచ్చే ప్రశ్న "ఫోన్ ఎక్కడిది?" దెబ్బల సంగతి ఆ తర్వాతే.

బడుల్లో ఫిర్యాదుల పెట్టె ఉండాలని జాతీయ బాలల హక్కుల సంఘం మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. పెట్టె గోడకు వేలాడితే సరిపోదు. దాని తాళంచెవి వార్డెన్ జేబులో ఉండకూడదు. జూన్‌లో ట్రంకు పెట్టె మోసుకొచ్చిన ఆ తల్లుల్లో ఒకరి కొంగుకు ఉండాలి. నెలకోసారి ఆమె వచ్చి తెరవడానికి బస్సు ఛార్జీ, కూలి పోయిన రోజుకు డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి.