చెన్నపట్టణపు వంతెనలు

చెన్నపట్టణము సముద్రపుటొడ్డున వెలసిన నగరము. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ తీరభూమిని ఆంగ్ల వర్తకసంఘమువారికి ఒసగెను. ఆతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే ఇది చెన్నపట్టణమైనదని చరిత్రకారులు చెప్పుదురు. నగరము నడుమ కూవము, దక్షిణమున అడయారు ప్రవహించి సముద్రమున కలియుచున్నవి. వేసవిలో ఈ నదులు కాలువలవలె సన్నగిల్లును. ఈశాన్యపు వానలు పడినంతనే పొంగి, ఈ దరివారిని ఆ దరికి పోనీయవు. కావున ఈ నగరచరిత్రలో కోటతోపాటు వంతెనలకును పెద్ద స్థానము కలదు.

ఇసుకనేలపై బరువైన కట్టడమును నిలుపుట సులభము కాదు. అయినను దక్షిణదేశపు పనివారు దీనికొక ఉపాయమును పూర్వమే ఎఱిగియుండిరి. ఇటుకలతో గుండ్రని బావిని కట్టి, లోపలి ఇసుకను తవ్వి తీయుచుండగా, అది తన బరువుచేతనే క్రమముగా క్రిందికి దిగును. తగిన లోతునకు దిగిన పిమ్మట దానిని గట్టిగా నింపుదురు. ఇట్టి బావుల వరుసయే పునాది. 1821లో పూర్తియైన సెయింట్ ఆండ్రూస్ చర్చి ఈ బావులపైననే నిలిచియున్నది. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన కాటను దొరయు ఈ పద్ధతినే అవలంబించెను.

కూవము సముద్రమున కలియుచోట 1869లో, గవర్నరు నేపియర్ ప్రభువు కాలమున, ఇనుప వంతెన వెలసెను. అచ్చట అలలు ఇసుకను తెచ్చి నదీముఖమును పూడ్చుచుండును. వరద వచ్చినప్పుడు నది దానిని త్రోసికొని పోవును. 1943లో ఆ వంతెనను కాంక్రీటుతో తిరిగి నిర్మించిరి. విండ్లవలె వంగిన దాని తెల్లని కమానులు నేటికిని నగరమునకు గుర్తుగా ఉన్నవి.

ఓడలకు దారిచూపు దీపమును నగరమున చోటు మార్చుచు వచ్చినది. 1796లో కోటలోని ఒక మేడపై వెలిగెను. 1844లో ఎత్తైన రాతిస్తంభము నెక్కెను. 1894లో హైకోర్టు గోపురమునకు చేరెను. 1977 నుండి మెరీనా తీరమున ఉన్నది.

నేపియర్ వంతెనకు 143 సంవత్సరములు ముందుగానే అడయారుపై సైదాపేటయొద్ద ఒక వారధి వెలసెను. దానిని కట్టించినది ప్రభుత్వము కాదు; రాజును కాదు. 1724లో ఇచ్చటికి వచ్చి స్థిరపడిన పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మీనియా వర్తకుడు. సెంట్ థామస్ కొండకు పోవు యాత్రికులు నది దాటలేక పడు పాట్లను తప్పింపగోరి, ఆతడు 1726లో తన సొంత ధనముతో దానిని కట్టించెను. ముప్పదివేల వరహాలు వ్యయమైనవందురు. కొండపైకి మెట్లను కూడ ఆతడే వేయించెను. అంతకంటె మెచ్చదగిన విషయ మొకటి కలదు: వారధి మరమ్మతులకై 1500 వరహాలను వేఱుగా ఏర్పఱచెను. కట్టించి పేరు పొందువారు పలువురు. పగుళ్లు పూడ్పించుటకు ముందుగనే ధనము దాచిపెట్టువారు అరుదు.

1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొనగా, ఉస్కాను ఆస్తి వారి పాలయ్యెను. పుదుచ్చేరికి వచ్చి నివసించినచో తిరిగి ఇత్తుమని వారు చెప్పినను, ఆతడు సమ్మతింపలేదు. 1751లో మరణించెను.

వారధి మాత్రము రెండు శతాబ్దములకు పైగా బండ్లను, బాటసారులను మోసెను. 1966లో దాని స్థానమున క్రొత్త వంతెన వచ్చినది; దానికి తమిళ పండితుడగు మఱైమలై అడిగళ్ పేరు పెట్టిరి. పాత వారధి కనుమరుగైనను, ఉస్కాను దానమును ఆర్మీనియా, పారసీక, లాటిన్ భాషలలో తెలుపు శాసనశిల మిగిలెను.