స్ట్రైడెంట్ అను మాట

గడచిన ఫాల్గుణమాసమున మా వీధిలో నొక యుత్సవము జరిగినది. పందిటి నాలుగు మూలలను నాలుగు లౌడుస్పీకర్లు కట్టిరి. రాత్రి పదునొకండు గంటలైనను వాని మ్రోత యాగలేదు. మఱునాడు మా యమ్మాయికి పదవ తరగతి పరీక్ష. పరీక్షలకు చదువుకొను పిల్లలు ఆ వీధిలో మఱి యేడుగురు కలరు. పసిబిడ్డను ఒడిలో నుంచుకొని మేలుకొనియున్న బాలెంత యొకతె కలదు. మేము నలుగురు స్త్రీలము పందిటియొద్దకు పోయి, పది దాటినది గనుక యంత్రములను కట్టిపెట్టుడని యడిగితిమి. ఆ మ్రోతలో మా మాట వినబడవలెనన్న గొంతెత్తక తప్పలేదు. నిర్వాహకులలో చదువుకొన్న పెద్దమనిషి యొకడు నవ్వి, ప్రక్కవానితో, “ఈ యాడువారు చాల స్ట్రైడెంట్” అనెను.

నేను మా తండ్రిగారియొద్ద పంచకావ్యములు చదువుకొన్నదానను గాని, ఇంగ్లీషునకు మాత్రము నిఘంటువే నాకు గురువు. ఇంటికి వచ్చి మా వారి నిఘంటువు విప్పితిని. అందు కనుగొన్నదియు, పిమ్మట వారి నడిగి తెలిసికొన్నదియు మీకు విన్నవించుచున్నాను.

స్ట్రైడెంట్ అనునది విశేషణము. లాటిను భాషలో ‘స్ట్రీడెరె’ యను క్రియకు కిఱ్ఱుమనుట, కీచుమనుట యని యర్థము. దానినుండి పుట్టిన యీ మాట 17వ శతాబ్దమున నింగ్లీషులో చేరినది. పెద్ద ధ్వని యెల్ల స్ట్రైడెంట్ కాదు. మేఘగర్జనము పెద్దదియే, కాని గంభీరమైనది. దానికీ మాట చెల్లదు. బొంగురు గొంతుతో చేయు గోల ‘రాకస్’ అనబడును. సన్నమై చెవిలో గ్రుచ్చుకొనునది ‘ష్రిల్’. బిగ్గరయై, కఱకై, చెవిని గీరునట్టిది స్ట్రైడెంట్. నూనె లేని తలుపు కీలు చేయు చప్పుడు తలచుకొన్న నర్థము తెలియును. మన ‘కర్ణకఠోరము’ దీనికి మిక్కిలి చేరువ.

దీనికి చుట్టములైన మాటలు రెండు కలవు. కీచురాయి రెక్కతో రెక్క రాచి ధ్వని చేయుటను ‘స్ట్రిడ్యులేట్’ అందురు. కీచురాళ్లలో పెక్కు జాతులయం దట్లు ధ్వని చేయునది మగదియే! రెండవది వైద్యుల మాట, ‘స్ట్రైడార్’. శ్వాసమార్గము వాచి యిఱుకైనపుడు పసిబిడ్డ ఊపిరి పీల్చునప్పుడు వినబడు కఱకు ధ్వని యది. అట్టి ధ్వని విన్న తల్లి తెల్లవాఱుదాక వేచియుండక వెంటనే బిడ్డను వైద్యునియొద్దకు కొనిపోవలయును.

కాలక్రమమున నీ మాట ధ్వనిని దాటి భావమునకు ప్రాకినది. పదేపదే, పట్టుదలతో, వినువారికి రుచింపకున్నను చేయు విమర్శను ‘స్ట్రైడెంట్ విమర్శ’ యందురు. ఈ యర్థమున నిది యెప్పుడును నిందయే. పలుకునది స్త్రీ యైనపుడీ నింద మఱింత సులభముగా నోటికి వచ్చును. 1979 మొదలు 1990 వఱకు బ్రిటనునకు ప్రధానమంత్రిగా నుండిన మార్గరెట్ థాచర్ అంతటి యామెయు, గొంతు కీచుగా నున్నదను విమర్శ పడి, 1970ల దశకమున శిక్షణ పొంది గొంతు స్థాయి తగ్గించుకొనవలసివచ్చెను.

బిగ్గర గొంతునకు పొగడ్తగా చెల్లు మాటయు నింగ్లీషున లేకపోలేదు, అది ‘స్టెంటోరియన్’. గ్రీకు కవి హోమరు ‘ఇలియడ్’ అయిదవ సర్గమున స్టెంటర్ అను వీరుడు కలడు. అతని కేక యేబదిమంది కేకలతో సమానమట. అక్కడ గ్రీకు సేనను హెచ్చరింప దలచిన హేరాదేవి, తాను దేవతలరాణి యయ్యును, ఆ స్టెంటర్ రూపము ధరించియే కేకవేసెను. ఆ ఘట్టము తెలిసికొన్ననాడు నాకు నవ్వును వచ్చినది, నొప్పియు కలిగినది.

మన యాలంకారికు లీ విషయమున నెంతయో వివేకముతో తీర్పు చెప్పిరి. మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న పదదోషములలో శ్రుతికటువును మొట్టమొదట పేర్కొనెను. చెవికి కటువైన పదము శృంగారమున దోషము. అదియే రౌద్రమున గుణము. కావున కాఠిన్యము తనంతట దోషము కాదు, తావు తప్పిననే దోషము. పిల్లను జోకొట్టుచు కఱకుగా పలుకరాదు. కౌరవసభలో ధర్మమడుగు ద్రౌపదికి జోలపాట గొంతు తగునా?

ఈ కొలతతో మా వీధి వ్యవహారమును చూడుడు. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి పది మొదలు ఉదయమాఱు గంటలవఱకు బయట లౌడుస్పీకరు మ్రోగింపరాదు. పండుగలకు ప్రభుత్వము ప్రత్యేకముగా సడలింపు నీయవచ్చును గాని, అదియు అర్ధరాత్రివఱకే, ఏడాదికి పదునైదు దినములకు మించకుండ. నివాసప్రాంతములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. మా నిర్వాహకులకు సడలింపేదియు లేదు. తావు తప్పినది వారి యంత్రము. విశేషణము మాత్రము మాకు తగిలినది.

ఆ రాత్రి మా యమ్మాయి చెవులలో దూది పెట్టుకొనియే చదివినది. మఱునాడు మేము పదునలుగురము సంతకములు చేసి, నిబంధనను పేర్కొని, కాగితము వ్రాసి పోలీసుఠాణాలో నిచ్చితిమి. మిగిలిన రెండు రాత్రులు పది కొట్టగానే పందిరి మౌనము వహించినది.

అక్కచెల్లెండ్రారా! ఇంటిలోను, పిల్లలయెడను ఈ మాట మనకు తగులకుండ చూచుకొందము; న్యాయమడుగుచోట తగిలినను జంకకుందము. మా యమ్మాయి తన నోటుపుస్తకమున నీ మాటను ప్రయోగించి యొక వాక్యము వ్రాసికొన్నది. దాని తెలుగిది: “లౌడుస్పీకరు స్ట్రైడెంటుగా నున్నది, మా యమ్మ దానికంటె మెల్లగానే మాటాడినది.”