కోచ్‌ని మారిస్తే ఆట మారుతుందా?

"ఆడలేక మద్దెల ఓడు" అన్నారు మన పెద్దలు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఆట కుదరకపోతే మద్దెల వాయించేవాడినే ముందు ఇంటికి పంపుతారు. అంటే కోచ్‌ని అన్నమాట.

2024 డిసెంబరులో మా హాస్టల్ మెస్‌లో పెద్ద వాదన జరిగింది. అప్పటికి హైదరాబాద్ ఎఫ్‌సి ఇండియన్ సూపర్ లీగ్‌లో వరుసగా ఓడిపోతోంది. సీజన్ సగంలో కోచ్ తంగ్బోయ్ సింగ్తోను తప్పించి, షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా జట్టును అప్పగించారు. మాలో కొందరం ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లి ఆ జట్టును చూసినవాళ్లం. రాత్రి ఏడున్నర ఆట చూసి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి హాస్టల్ గేటు వేసేస్తారేమోనని గుండె దడ. అంత కష్టపడి చూసిన జట్టు గనుక మాట్లాడే హక్కు మాకుందని అనుకున్నాం.

"ఓడింది ప్లేయర్లు, పోయింది కోచా? ఇదేం న్యాయం అన్నా!" అన్నాడు ఒక తమ్ముడు. "ఇరవై మందిని మార్చలేరు కదరా, ఒక్కడిని మార్చడం తేలిక" అని డిగ్రీ అన్న జవాబు. పప్పు మారకుండా గరిటె మారిస్తే రుచి వస్తుందా అని ఇంకొకరు. పళ్లేలు కడగడం మరిచిపోయి గంటసేపు వాదించాం. ఆ వాదనలో మేము తెలుసుకున్నది మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మొదట మన ఊరి లెక్కే చూద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సి 2019లో పుట్టింది. మొదటి కోచ్ ఇంగ్లండుకు చెందిన ఫిల్ బ్రౌన్. మొదటి ఆటలోనే కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. 12 ఆటల్లో 5 పాయింట్లే వచ్చాయి. 2020 జనవరిలో ఆయనను తొలగించారు. మిగిలిన 6 ఆటల్లో మరో 5 పాయింట్లు వచ్చాయి. "చూశారా, సగం ఆటల్లోనే అన్ని పాయింట్లు! మార్చడం మంచిదే" అని ఒక పక్షం. "అందులో 3 పాయింట్లు చివరి ఆటలో నార్త్ ఈస్ట్ మీద 5-1తో గెలిచినవి. అయినా జట్టు ఆఖరి స్థానంలోనే ఉంది కదా" అని రెండో పక్షం. అంకెలు ఒక్కటే, అర్థాలు రెండు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గెలుస్తున్నప్పుడు కోచ్‌ని ఎవరూ మార్చరు. బాగా కిందికి పడిపోయినప్పుడే మారుస్తారు. అంత కిందికి పడ్డాక కొంచెం లేవడం సహజం. జ్వరం తగ్గే రోజున మింగిన గోలీకి పేరు వచ్చినట్టు, అప్పుడు వచ్చిన కోచ్‌కు పేరు వస్తుంది. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన ఆటలను బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. కోచ్‌ని మార్చిన జట్లు కోలుకున్న మాట నిజమే. కానీ అంతే కష్టంలో ఉండి కోచ్‌ని మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకున్నాయని తేలింది.

పైగా మధ్యలో వచ్చిన కోచ్ చేతిలో ఏముంటుంది? ఆటగాళ్లు పాతవాళ్లే. ఆటకూ ఆటకూ మధ్య కొద్ది రోజులే. ఒక కొత్త పద్ధతి కాళ్లకు అలవాటు కావాలంటే అది చాలదు.

అదే సీజన్‌కు ముందే కోచ్ వస్తే? 2020 ఆగస్టులో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్‌ను తీసుకున్నారు. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి మన దేశ కుర్రాళ్లను నమ్మారు. ఆ ఏడు అయిదో స్థానం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి విజేతలయ్యారు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. రెండేళ్ల క్రితం ఆఖరున ఉన్న జట్టే ఇది!

తర్వాత కథ బాధాకరం. జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 ఆటలకు ఒక్కటే గెలుపు. మేము వాదించుకున్న 2024-25లో కోచ్ మారినా 13 జట్లలో 12వ స్థానమే. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. జీతం, ఆటగాళ్లు, సమయం ఇవ్వకుండా ఎంతమంది కోచ్‌లను మార్చినా ఏం లాభం?

మన హైదరాబాదీ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకుందాం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. అయినా దేశం ఆయనను వదులుకోలేదు. 1956 మెల్‌బోర్న్‌లో ఆయన శిక్షణలోనే నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చాయి.

మిత్రులారా, ఈ వాదన మాకు ఆటతోనే అయిపోలేదు. అదే డిసెంబరులో మాకు ఇంటర్ రెండో సంవత్సరం లెక్కలు చెప్పే సారు వెళ్లిపోయారు. మార్చిలో పరీక్ష. కొన్నాళ్లకు కొత్త సారు వచ్చారు. ప్రీఫైనల్‌లో మాకు మార్కులు పెరిగాయి. "కొత్త సారు గొప్ప" అన్నారు కొందరు. కానీ సగం పాఠాలు పాత సారు చెప్పినవే. రాత్రి పదకొండు దాకా వరండాలో లైటు కింద కూర్చుని లెక్కలు చేసింది మేమే. కొత్త సారు మాకు ఇచ్చింది ధైర్యం. అది చిన్న సంగతేమీ కాదు. మధ్యలో వచ్చిన గురువు చేయగలిగింది అదే.

కనుక మేము తేల్చుకున్నది ఇది. మధ్యలో వచ్చినవారిని నమ్ముదాం, వారి నుంచి అద్భుతాలు అడగవద్దు. ముందు నుంచి చెప్పినవారిని మరువవద్దు. కోచ్ ఎవరైనా మైదానంలో పరుగెత్తవలసింది ఆటగాడే. సారు ఎవరైనా పరీక్ష రాయవలసింది మనమే.