కాపరికి చెప్పుకొన్న మాట: చట్టము ముందు దాని స్థానము

బందరు, గుడివాడ పట్టణాలలోనైనా, దివిసీమ గ్రామాలలోనైనా, లైంగిక దాడికి గురైన స్త్రీ పోలీసుస్టేషను కంటె ముందుగా పాస్టరుగారి ఇంటికి రావచ్చును. “అయ్యగారూ, ఇది ఎవరికీ చెప్పకండి” అని ఆమె బతిమాలినప్పుడు “చెప్పనమ్మా” అని మనము మాట ఇస్తాము. ఆ మాటకు చట్టములో ఎంత బలమున్నదో ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

1872 నాటి సాక్ష్య చట్టము స్థానములో 2024 జులై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోనికి వచ్చింది. దాని 128వ సెక్షను భార్యాభర్తల సంభాషణకు, 132వ సెక్షను కక్షిదారు తన న్యాయవాదితో చెప్పిన మాటలకు రక్షణ ఇస్తున్నాయి. పాస్టరుకు గాని, సంఘములో కౌన్సిలింగు చేసేవారికి గాని అట్టి రక్షణ అందులో లేదు. కోర్టు పిలిస్తే మనము సాక్ష్యము చెప్పవలసి వస్తుంది. మనము వ్రాసిపెట్టుకొన్న కాగితాలను కూడ కోర్టు తెప్పించుకోవచ్చును. కెనడా దేశము 1997లో చట్టాన్ని సవరించి, బాధితురాలి కౌన్సిలింగు రికార్డులు న్యాయమూర్తి అనుమతి లేకుండ నిందితుని చేతికి చేరకుండ కట్టడి చేసింది. 1999లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మన దేశములో అటువంటి ప్రత్యేక చట్టము లేదు.

బాధితులు పదునెనిమిది సంవత్సరముల లోపువారైతే మౌనమునకు తావే లేదు. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, నేరము జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలి. పాస్టరుకు మినహాయింపు లేదు. తెలియజేయనివారికి 21వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. సంఘ హాస్టలులో తన క్రింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని బాధ్యుడు దాచితే శిక్ష ఒక సంవత్సరము వరకు ఉండవచ్చును.

పోలీసులకు తెలియజేయుట వేరు, ఊరికి తెలియజేయుట వేరు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారము బాధితురాలిని గుర్తుపట్టే వివరాలను ప్రచురించినవారికి రెండు సంవత్సరముల వరకు జైలు, జరిమానా పడవచ్చును. పల్లెలో “ఫలానా వీధి టైలరుగారి పెద్దమ్మాయి” అంటే పేరు చెప్పినట్లే. కనుక ఆమె దుఃఖము ఉపవాస కూటములో ప్రార్థనాంశము కాకూడదు. సంఘ వాట్సాప్ గ్రూపులోనికి అసలే రాకూడదు.

రెండవ సమూయేలు 13వ అధ్యాయములో అబ్షాలోము తామారును ఊరకుండుమన్నాడు. ఆమె అన్న ఇంట దిక్కులేనిదై మిగిలిపోయింది. ఆ మౌనము ఆమెను కాపాడలేదు. మనము పాటించే గోప్యత ఆమె గౌరవాన్ని కాపాడాలే గాని, దోషిని కాపాడకూడదు.

అందుచేత ఆమె చెప్పనారంభించక ముందే, మనము దాచగలిగినది ఏదో, దాచలేనిది ఏదో సౌమ్యముగా చెప్పాలి. తెలిసిన స్త్రీ ఒకరిని తోడుగా ఉంచుకోవడానికి ఆమె ఇష్టమును అడగాలి. అవసరమునకు మించి వివరాలు గ్రుచ్చి అడుగరాదు. రాజీ కుదర్చరాదు. న్యాయసేవాధికార చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయము పొందే హక్కు ఉన్నది. మచిలీపట్నములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా దానిని కోరవచ్చును. ఆ న్యాయవాదితో ఆమె చెప్పుకొనే మాటకు మనకు లేని చట్టరక్షణ ఉన్నది. అత్యాచార కేసుల విచారణ కూడ బహిరంగముగా గాక మూసిన తలుపుల మధ్య జరుగుతుందని చెప్పి ఆమెకు ధైర్యమివ్వాలి.

నిలుపుకోలేని మాట ఇచ్చుటకంటె, నిలుపుకోగల మాట ఇచ్చి ఆమెతో కోర్టు మెట్ల వరకు నడచుటే కాపరి ధర్మము.