పొడిమంచు కింద ఏముంది?

సూరత్‌లో చలికాలమంటే పొద్దున్న ఒక స్వెట్టర్, మధ్యాహ్నానికి అదీ బరువే. అలాంటి ఊళ్లో ఐదేళ్లుగా ఉంటున్న మేము ఈసారి ఎల్‌ఎఫ్‌సీ మీద ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్లాం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది చదువుతున్న మా అబ్బాయి పట్టుబట్టాడు. మావారికి మంచు చూడాలని, వాడికి మంచు మీద జారాలని. నాకైతే బ్రాంచ్ నుంచి ఫోన్ రాకుండా వారం రోజులు గడిస్తే చాలని.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు యాభై కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాటాక ఘాట్ రోడ్డులో టైర్లకు గొలుసులు కట్టిన బండ్లే ఎక్కుతాయి. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. అక్కడి కేబుల్ కారును గండోలా అంటారు. మొదటి దశ 1998లో మొదలైంది, కొంగ్‌డోరి వరకు తీసుకెళుతుంది. 2005లో మొదలైన రెండో దశ అఫర్‌వాట్ కొండ భుజం మీద, దాదాపు 3,950 మీటర్ల ఎత్తున దింపుతుంది. కింది వాలు నేర్చుకునేవాళ్లది. పైన చాలావరకు యంత్రాలతో చదును చేయని, పడ్డది పడ్డట్టే ఉన్న మంచు. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు వచ్చేది దాని కోసమే.

ఆ మంచును పౌడర్ అంటారు. గాలి బాగా చల్లగా, పొడిగా ఉన్నప్పుడు పడే మంచురేకుల మధ్య గాలే ఎక్కువ. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలైతే, అప్పుడే పడ్డ పొడిమంచు యాభై నుంచి వంద కిలోలు మాత్రమే ఉంటుంది. గుప్పెట్లోకి తీసుకుని నొక్కితే ఉండ కట్టదు, ఏకిన దూదిలా విడిపోతుంది. చదును చేసిన వాలు మీద కాళ్లను ముందువైపు దగ్గరగా, వెనక ఎడంగా పెట్టి ఆగడం మొదటిరోజే నేర్పిస్తారు. లోతైన పౌడర్‌లో అది పనిచేయదు. ఒక్క కాలి మీదే బరువు వేస్తే ఆ కాలు కూరుకుపోతుంది. రెండు కాళ్లూ దగ్గరగా, బరువు సమంగా ఉంచి, పడవలా తేలుతూ తిరగాలి. మా అబ్బాయి మొదటి ప్రయత్నంలోనే బోర్లా పడ్డాడు. ఊడిపోయిన ఒక స్కీ కోసం మంచు తవ్వుకుంటూ ఇరవై నిమిషాలు వెతికాం.

నాలుగో రోజు రాత్రంతా మంచు కురిసింది. తెల్లారేసరికి మోకాలి లోతు మంచు, పైన నీలాకాశం. పై భాగాన్ని పరీక్షించి తెరవాలి కాబట్టి రెండో దశ ఇంకా మొదలు కాలేదు. హోటల్లో పరిచయమైన ఇద్దరు కుర్రాళ్లతో మా అబ్బాయి ఓ పథకం వేసుకున్నాడు. మొదటి దశ దాకా వెళ్లి, హద్దు తాడు దాటి పక్కనున్న నిటారు వాలు దిగుతారట. "అమ్మా, అటు చూడు, ఇప్పటికే ఇద్దరు దిగిన జాడలున్నాయి" అన్నాడు. నిజం చెప్పాలంటే సరే అనబోయాను. ఎండ కాస్తోంది, జాడలు కనిపిస్తున్నాయి, ఇంకేం కావాలనిపించింది.

మాకు నేర్పిస్తున్న స్థానిక గైడ్ అడ్డుపడ్డాడు. వాదించలేదు. అబ్బాయి ఫోన్‌లోనే వాలు కొలిచే యాప్ తెరిపించి, హద్దుకు ఇవతల నుంచే ఆ వాలు గీత వెంట పట్టమన్నాడు. 36 డిగ్రీలు వచ్చింది. మన ఇళ్లలో మెట్ల వాలు దాదాపు 30 నుంచి 35 ఉంటుంది. పలకలా విరిగి జారే మంచుచరియలు ఎక్కువగా పుట్టేది 30 నుంచి 45 డిగ్రీల మధ్యే. అంతకన్నా తక్కువైతే మంచు సాధారణంగా నిలబడుతుంది, మరీ నిటారైతే పేరుకోకుండానే రాలిపోతుంది. అంటే స్కీయర్‌కు బాగా మజా ఇచ్చే వాలే మంచుచరియకూ ఇష్టమైన వాలు.

తరువాత, సురక్షితమైన చోట ఒక చిన్న గట్టును పారతో నిలువునా కోసి చూపించాడు. పైన నిన్న రాత్రి పడ్డ మెత్తటి మంచు. దాని కింద కొంచెం గట్టి పొర. ఇంకా కింద పంచదారలా జలజలా రాలే గింజలు. ఎక్కువ రోజులు మంచు పడకుండా ఆకాశం నిర్మలంగా, రాత్రులు బాగా చల్లగా ఉంటే, పలచటి పాత మంచు ఇలా అతుకు లేని గింజలుగా మారుతుందట. దాని మీద ఒక్కసారిగా కొత్త బరువు పడితే పునాది లేని మేడే. పైన పటారం, లోన లొటారం. మనిషి బరువు చాలు, మొత్తం పలక విరిగి జారడానికి. స్కీయర్లు చనిపోయిన ప్రమాదాల్లో ఎక్కువసార్లు చరియను కదిలించింది వాళ్లే, లేదా వాళ్ల తోటివాళ్లే.

ఇవి ఊహించి చెప్పే భయాలు కావు. 2010 ఫిబ్రవరి 8న గుల్మార్గ్ దగ్గర ఖిలన్‌మార్గ్‌లో సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ శిక్షణ బృందం మీద చరియ పడి 17 మంది సైనికులు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్‌వాట్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మంచులో కూరుకుపోయినవాళ్లను మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటితే బాగా తగ్గిపోతుంది. అంటే కింది నుంచి సహాయం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాళ్లే తీయాలి. అందుకే అలాంటి చోటికి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి: 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపే, అందుకునే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార. ఆ ముగ్గురు కుర్రాళ్ల దగ్గర ఉన్నవి మూడు సెల్‌ఫోన్లు.

నేను వద్దన్నాను. మా అబ్బాయి ఆ రోజు నాతో మాట్లాడలేదు. సాయంత్రం దాకా ఆ వాలు జారలేదు కూడా. "చూశావా, ఏమీ కాలేదు" అన్నాడు అన్నం దగ్గర. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

జవాబు సూరత్ వచ్చాక, ఒక పాత ఫైలు చూస్తుంటే దొరికింది. కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారికి, పక్క బ్యాంకులు ఇచ్చాయి కదా అని, కొంత ఆ ధైర్యంతోనే అప్పు సిఫారసు చేశాను. రెండేళ్లు వాయిదాలు ఠంచనుగా వచ్చాయి. మూడో ఏడు ఖాతా మొండిబాకీ అయింది. ఆ రెండేళ్లలో ఎవరైనా అడిగితే మంచి నిర్ణయమనే చెప్పేదాన్ని. జారకపోవడం వేరు, గట్టిగా ఉండడం వేరు. ముందు దిగినవాళ్ల జాడలు చెప్పేది వాళ్లు దిగారని మాత్రమే. కింద పొర ఎలా ఉందో చెప్పవు. ఫోన్‌లో ఇదే చెబితే మా అబ్బాయి కాసేపు ఆగి, "ఆ గింజలు మాత్రం నిజంగా పంచదారలాగే ఉన్నాయమ్మా" అన్నాడు. నాకు అది చాలు.

మన కుటుంబాల్లో ఎవరైనా వెళ్లదలిస్తే నాలుగు మాటలు. మొదటి మూడు రోజులు కింది వాలు మీదే నేర్చుకోండి. హద్దు తాడు దాటవద్దు, దాటాలంటే అర్హత ఉన్న గైడ్, ఆ మూడు వస్తువులు, వాటిని వాడే అభ్యాసం ఉండాలి. భారీగా మంచు పడ్డ మరుసటి రోజు ఎండ చూసి మోసపోవద్దు. బీమా పాలసీలో స్కీయింగ్ ఉందో లేదో బయలుదేరే ముందే చదవండి. ఆ చిన్న అక్షరాలు చదవమని ఖాతాదారులకు చెప్పే మనం, మన పాలసీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకో చదవం.