ఉక్కు, కొలిమి, వంటింటి కత్తి

విద్యార్థుల అభిరుచులు పలు విధాలు. తపాలా బిళ్ళలు సేకరించేవారు కొందరు, చిత్రలేఖనంలో కాలం గడిపేవారు కొందరు. ఇనుమును కాల్చి, సాగగొట్టి, ఇంట్లో కూరలు తరిగే కత్తిని స్వహస్తాలతో తయారు చేసుకోవడం కూడా ఒక అభిరుచే అంటే నవ్వేవారు ఎక్కువ. "చదువుకునే పిల్లవాడికి కొలిమి పని ఎందుకు?" అన్న ప్రశ్న మొదట మా ఇంట్లోనే వినిపించింది. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా నానీకి కీళ్ళ నొప్పులు. బజారులో కొన్న చాకు పిడి సన్నగా ఉండటంవల్ల ఆమె వేళ్ళు దానిని గట్టిగా పట్టలేకపోయేవి. ఆమె చేతికి సరిపడే కత్తి చేయాలన్న కోరికతోనే మా వీధి చివరనున్న కమ్మరి తాత కొలిమి ముందు కూర్చున్నాను.

మొట్టమొదట తెలుసుకోవలసినది ఇనుముకూ ఉక్కుకూ ఉన్న భేదం. స్వచ్ఛమైన ఇనుము మెత్తనిది. దానిలో కర్బనం కొద్దిగా చేరినప్పుడే అది ఉక్కు అవుతుంది. కర్బనం నూటికి 0.3 పాళ్ళకంటె తక్కువ ఉన్న ఉక్కు కిటికీ చువ్వలకూ, తలుపు పట్టీలకూ పనికివస్తుంది గాని, కత్తికి పనికిరాదు. ఎంత నూరినా దాని పదును నాలుగు ఉల్లిపాయలకే పోతుంది. కత్తికి నూటికి 0.6 నుండి 1 పాలు వరకు కర్బనం ఉండాలి. లారీల పాత కమాను పట్టీలలో సుమారు 0.6, పాత ఆకురాళ్ళలో సుమారు 1 పాలు కర్బనం ఉంటుంది. అందుచేత వీటినే ఎక్కువమంది ఎన్నుకుంటారు. అయితే చాలాకాలం బరువు మోసిన కమాను పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండవచ్చు. కనుక బాగా పరిశీలించి తీసుకోవాలి. జింకు పూత పూసిన ఇనుమును మాత్రం కొలిమిలో పెట్టనే కూడదు. దాని పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది.

ఈ ఉక్కు విద్యలో మన ప్రాంతానికి ఘనమైన చరిత్ర ఉన్నది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తయారు చేసిన ఉక్కు కోసం పర్షియా దేశపు వర్తకులు వచ్చేవారు. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ ఊరి పద్ధతిని స్వయంగా చూచి వర్ణించాడు. ఆ రచన అతని మరణానంతరం 1832లో ప్రచురితమైంది. ఇటువంటి ఉక్కునే పాశ్చాత్యులు 'ఊట్జ్' అన్నారు. ఆ మాటకు మూలం దక్షిణాది భాషలలోని 'ఉక్కు' అని పలువురు పండితుల అభిప్రాయం. డమాస్కస్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఖడ్గాలకు మూలధాతువు ఇదే. తెలుగువారి 'ఉక్కు', పారశీకుల 'ఫౌలాదు' ఒకే కొలిమి వద్ద కలుసుకున్నాయన్నమాట. మన కళాశాలలో ఈ రెండు పదాలూ వినిపించడం నాకెంతో ఆనందం కలిగిస్తుంది.

1795లో జార్జి పియర్సన్ లండనులోని రాయల్ సొసైటీకి ఈ ఉక్కు గురించి ఒక పత్రం సమర్పించాడు. అనంతరం మైకేల్ ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దీని రహస్యం ఛేదించడానికి ప్రయోగాలు చేశాడు. భౌతికశాస్త్రంలో మనం నిత్యం స్మరించే ఆ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. కొలిమికీ చదువుకూ చుక్కెదురని భావించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక తయారీ విధానం. ఎన్నుకున్న పట్టీని బొగ్గుల కొలిమిలో పెట్టి, గాలి ఊదుతూ, నారింజ రంగు వచ్చేవరకు కాల్చాలి. పటకారుతో పట్టి దాగలిపై ఉంచి సుత్తితో సాగగొట్టాలి. ముందు మొన, పిమ్మట పిడిలోకి వెళ్ళే భాగం, చివరకు వాదర, ఇదీ క్రమం. రంగు ముదురు ఎరుపుకు దిగగానే దెబ్బలు ఆపి మళ్ళీ కాల్చాలి. చల్లబడిన ఉక్కును బలవంతంగా కొడితే పగులుతుంది. అట్లని తెల్లగా మెరిసేవరకు కాల్చినా అది చెడిపోతుంది. కర్బనం అధికంగా ఉన్న మన ఉక్కును ఐరోపా కమ్మరులు తమ అలవాటు చొప్పున అతిగా కాల్చి కొట్టినప్పుడు అది ముక్కలు ముక్కలైపోయింది. లోపం ఉక్కులో లేదు, నిప్పును చదవడంలో ఉన్నది.

రూపం వచ్చిన తరువాత అలుగును రెండు మూడుసార్లు ఎర్రగా కాల్చి, గాలికి దానంతటదే చల్లారనివ్వాలి. సుత్తి దెబ్బల వలన లోపల ఏర్పడిన ఒత్తిడి ఇందువల్ల తొలగిపోతుంది. పిమ్మట ఆకురాయితో రాచి, వాదర వద్ద సుమారు 1 మిల్లీమీటరు మందం మిగల్చాలి. మరీ పలుచన చేస్తే తరువాతి ఘట్టంలో వంకర పోతుంది.

ఆ ఘట్టమే పదును పట్టడం. ఉక్కు సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే అయస్కాంతానికి అంటుకోవడం మానివేస్తుంది. ఇంకొంచెం, అనగా 815 నుండి 850 డిగ్రీల వరకు కాల్చి, గోరువెచ్చని నూనెలో ఒక్కసారిగా ముంచాలి. కర్బనం బయటకు పోయే వ్యవధి లేక ఇనుప స్ఫటికాలలోనే చిక్కుకుంటుంది. ఆ బిగింపే కాఠిన్యం. ఆకురాయితో గీస్తే జారిపోయినట్లయితే పదును పట్టినట్లే. నీటిలో ముంచితే ఇంకా వేగంగా చల్లారుతుంది గాని, చాలా రకాల ఉక్కులు ఆ తాకిడికి పగిలిపోతాయి.

ఇంతవరకు వచ్చి నేనొక పెద్ద పొరపాటు చేశాను. మరునాడు పండుగ. ఎట్లాగైనా కత్తిని నానీ చేతిలో పెట్టాలన్న ఆత్రంతో, తాత చెప్పిన చివరి పని వదిలివేసి ఇంటికి తెచ్చాను. ఆమె మురిసిపోయింది. ఆ మధ్యాహ్నం మాంసం కోస్తుండగా బొమికకు తగిలి వాదర నుండి చిన్న ముక్క ఊడిపోయింది. వంట ఆపి ఇల్లంతా వెతికాము. చివరకు అది మొద్దు మీది గంటులో దొరికింది. కూరలో కలిసి ఎవరి గొంతులోనైనా అడ్డుపడి ఉంటే? ఆ ఆలోచనతో ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మరునాడు తలవంచుకొని వెళ్ళి చూపించాను. తాత కోప్పడలేదు. "గట్టిదనం ఒక్కటే ఉంటే గాజు బిడ్డా, ఓర్పు కూడా ఉంటేనే కత్తి" అన్నాడు.

ఆయన చెప్పిన ఓర్పే శాస్త్ర పరిభాషలో టెంపరింగ్. నూనెలో ముంచిన ఉక్కు ఎంత కఠినమో అంత పెళుసు. దానిని తిరిగి సుమారు 200 డిగ్రీల వేడిలో ఒకటి రెండు గంటలు ఉంచితే కాఠిన్యం స్వల్పంగా తగ్గి, పెళుసుదనం చాలావరకు పోతుంది. మెరుగుపెట్టిన అలుగుపై లేత గడ్డి రంగు కనిపించడం దీనికి గుర్తు. సుమారు 300 డిగ్రీలకు నీలి రంగు తిరుగుతుంది. అది స్ప్రింగులకు తగినది, కూరల కత్తికి మరీ మెత్తన. నేను మరొక పాఠం కూడా నేర్చుకున్నాను. కూరల కత్తికి వాదర ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీల కోణంలో సన్నగా ఉండాలి. బొమికలు కొట్టేది వేరుగా, మందంగా ఉండాలి. ఒకే కత్తితో రెండు పనులూ చేయించడం అవివేకం.

రెండవ కత్తికి పిడి విషయంలోనూ శ్రద్ధ వహించాను. టేకులో సహజమైన నూనె ఉండటంవల్ల తేమకు తట్టుకుంటుంది. చింత చేవ గట్టిది. జిట్రేగి బరువైనది, అందమైనది. ఏ కర్ర అయినా నెలల తరబడి నీడన ఆరినదై ఉండాలి. పచ్చి కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోయి పిడి వదులవుతుంది. నేను చింత చేవను రెండు చెక్కలుగా కోసి, అలుగు చివరి భాగానికి ఇరువైపులా అమర్చి, ఇత్తడి చీలలతో బిగించాను. నానీ చేత తడి మట్టిముద్దను పట్టించి, ఆ వేళ్ళ గుర్తులను చూచి పిడిని చెక్కాను. మామూలు పిడికంటె అది బాగా లావు. గరుకు కాగితంతో రుద్ది అవిసె నూనె పట్టించాను. కర్ర పొడి ఊపిరితిత్తులకు హాని కనుక ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అవిసె నూనె గుడ్డలను ముద్దగా పడవేస్తే వాటంతటవే అంటుకోగలవు కనుక విప్పి ఆరవేయాలి.

ఈ రకపు ఉక్కు తుప్పు పడుతుంది. నిమ్మ, చింతపండు పులుపుకు నల్లబడుతుంది. కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. ఈ మాత్రం సేవ చేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

రెండవ కత్తి నేటికీ మా వంటింట్లో ఉన్నది. నానీ వేళ్ళు దానిని జారకుండా పట్టుకుంటాయి. ముక్క ఊడిన మొదటి కత్తి నా బల్లపై ఉన్నది. పరీక్షలకు తొందరపడి చదివేటప్పుడు అది కంటబడితే పుస్తకం మళ్ళీ మొదటి పుట నుండి తెరుస్తాను.

సోదర విద్యార్థులారా! రసాయనశాస్త్రంలో కర్బనం గురించి, భౌతికశాస్త్రంలో ఉష్ణం గురించి మనం చదివిన పాఠాలు మన వీధి చివరి కొలిమిలో ప్రతిదినం వెలుగుతున్నాయి. కాని ఆ కొలిమి వద్ద నేడు తిత్తి ఊదేందుకు తాత తరువాత ఎవరూ లేరు. సంవత్సరంలో ఒక్క రోజైనా అటువంటి పనివారిని మన ప్రయోగశాలకు గౌరవంగా ఆహ్వానించి, వారి విద్యను వారి నోటనే వినే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. ఆ రోజున ముందు వరుసలో కూర్చొని నోట్సు రాసుకునేవారిలో నేనూ ఒకడినై ఉంటాను.